పాపికొండల బోటు ప్రయాణానికి ఏం వేసుకోవాలి, ఏం తెచ్చుకోవాలి: అపోహలు - వాస్తవాలు

పాపికొండల యాత్రకు టికెట్ తీసుకున్నవారు ముందురోజు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. చీర కట్టుకోవచ్చా, స్వెటర్ కావాలా, వాంతుల మాత్ర వేసుకోవాలా, బోటులో బాత్రూమ్ ఉంటుందా అని అడుగుతారు. గండిపోచమ్మ రేవు నుంచి పేరంటపల్లి దాకా పర్యాటకులతో వెళ్లివచ్చే గైడ్‌గా వీటన్నిటికీ నేను ఓపికగానే జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటిసారి గోదావరి మీదకు వెళ్తున్నవారి బెరుకు నాకు తెలుసు. అయితే అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్నను మాత్రం ఎవరూ అడగరు. ఆ రోజు మీ ఒంటి మీద అన్ని బట్టలకూ పైన ఉండాల్సింది లైఫ్ జాకెట్. దాని కింద ఏ బట్టలైతే ఇబ్బంది లేకుండా ఇమిడి, దిగేదాకా దాన్ని తీసేయాలని అనిపించకుండా ఉంటాయో ఆ బట్టలే సరైనవి.

అపోహ: ఈత వచ్చినవారికి జాకెట్ అక్కర్లేదు; మిగతావారు కూడా బోటు ఒరిగినప్పుడు వేసుకుంటే సరిపోతుంది.

ప్రాణాలు తీసే అపోహ ఇది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందం దగ్గర వరద ప్రవాహంలో పర్యాటక బోటు మునిగిపోయిన సంగతి తెలుగువారెవరూ మరచిపోలేదు. ఆ రోజు 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. తూటుగుంట గ్రామస్థులు తమ పడవల్లో వెళ్లి వారిని కాపాడారు. జాకెట్ ఉండడం వల్లే తేలగలిగామని బతికినవారిలో పలువురు చెప్పారు. ఉక్కగా ఉందని, భోజనాల వేళ అయిందని జాకెట్లు తీసేసినవారూ ఆ బోటులో ఉన్నారని అప్పటి వార్తల్లో వచ్చింది. బోటు ఒరగడం మొదలయ్యాక కుర్చీలు, సామాన్లు, మనుషులు ఒక పక్కకు జారిపోతారు. ఆ తోపులాటలో జాకెట్ వెతుక్కుని, తలలోంచి దూర్చుకుని, పట్టీలు బిగించుకునేంత వ్యవధి ఎవరికీ దొరకదు.

ఈత వచ్చినవారితో నా వాదన ప్రతి సీజన్‌లోనూ ఉండేదే. మా ఊరి చెరువులో ఈది పెరిగాను, నాకెందుకండీ అన్న ఒక యువకుడిని నేను బోటు అంచు దగ్గరికి తీసుకెళ్లి, నీటి మీద తేలుతూ వస్తున్న ఒక ఎండుకొమ్మను చూపించాను. పైకి నిద్రపోతున్నట్టు కనిపించే ఆ నీటిలో అది మా పక్కనుంచి చూస్తుండగానే వెనక్కి సాగిపోయింది, కాస్త దూరంలో ఒక్కసారి గిర్రున తిరిగి వేరే దారి పట్టింది. కొండల మధ్య గోదావరి ఇరుకైపోతుంది, లోతు పెరుగుతుంది, ఒంపుల దగ్గర సుళ్లు పడతాయి. పైగా పడేటప్పుడు తలకు దెబ్బ తగిలినా, భయపడిన మనిషి వచ్చి మెడ పట్టుకున్నా ఎంత గొప్ప ఈత అయినా పనికిరాదు. ఆ యువకుడు మారు మాట్లాడకుండా జాకెట్ వేసుకున్నాడు.

లావుగా ఉన్నవారి భయం ఇంకో రకం. ఈ చిన్న జాకెట్ నన్నేం మోస్తుందని సిగ్గుపడుతూ అడుగుతారు. జాకెట్ మీ బరువంతా మోయాల్సిన పనిలేదు; నీళ్లే మనిషి బరువును చాలావరకు మోస్తాయి. పెద్దవారి తల నీటి పైన నిలవడానికి సాధారణంగా 3 నుంచి 5 కిలోల అదనపు ఆసరా చాలు, కొవ్వు ఎక్కువగా ఉన్న శరీరం మరింత సులువుగా తేలుతుంది. మీరు చూసుకోవాల్సిందల్లా పట్టీలు మీ చుట్టుకొలతకు అందుతున్నాయా లేదా అన్నదే. అందకపోతే పెద్ద సైజు అడిగి తీసుకోండి, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

జాకెట్ వేసుకుంటే కింది గదిలో నీళ్లు నిండినప్పుడు కప్పుకు అంటుకుపోతామని వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతోంది. మూసి ఉన్న గదిలో ఆ ప్రమాదం ఉన్నమాట నిజమే. అందుకు విరుగుడు జాకెట్ విప్పేయడం కాదు, ద్వారానికి దగ్గరగా కూర్చోవడం, ఎక్కగానే బయటికి దారులు ఎటున్నాయో చూసుకోవడం. అద్దాల గది, ఏసీ అన్న ఆశతో లోపలి మూలన చిన్న పిల్లలను కూర్చోబెట్టకండి. సగం మాటను పట్టుకుని పదిమందికి పంపేవారి మీద నాకు నిజంగానే కోపం వస్తుంది, ఎందుకంటే దాన్ని నమ్మి జాకెట్ విప్పేసేవారిని నేను రోజూ చూస్తున్నాను.

వేసుకున్నామని చెప్పేవారిలోనూ సగం మంది జాకెట్ మెడలో దండలా వేలాడుతుంటుంది. పట్టీలు అన్నీ బిగించాక మీ పక్కనున్నవారిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే నీటిలో అది మీకంటే ముందు పైకి పోతుంది, మీరు దానిలోంచి కిందకు జారిపోతారు. దాన్ని కుర్చీ మీద మెత్తగా వేసుకుని కూర్చోవద్దు. లోపలి ఫోమ్ అణిగిపోతే తేలే గుణం తగ్గుతుంది. పట్టీ తెగినది, బకిల్ విరిగినది చేతికొస్తే రేవులోనే మార్పించుకోండి.

పిల్లల విషయంలో నేను ఎవరి మాటా వినను. పెద్దల జాకెట్ తొడిగితే చేతులు పైకెత్తగానే బిడ్డ అందులోంచి జారిపోతుంది. జాకెట్ మీద రాసిన బరువు చూసి, పిల్లల సైజుదే, వీలైతే కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే అడగండి. చంటిబిడ్డను మీ జాకెట్ లోపల పెట్టుకుని కట్టుకోవద్దు. బిడ్డకు సరిపోయే జాకెట్ ఆ బోటులో లేదంటే ఎక్కకండి, టికెట్ డబ్బులు పోయినా సరే.

అపోహ: చీర కట్టుకుంటే తడిసిన గుడ్డ బరువుకు మునిగిపోతారు.

ఈ మాట విని రాత్రంతా నిద్రపోలేదని, అరవై దాటిన ఒక అమ్మగారు పొద్దున్నే నాకు ఫోన్ చేశారు. ఆవిడ జీవితంలో చీర తప్ప మరొకటి కట్టలేదు, కూతురేమో చుడీదార్ వేసుకోకపోతే తీసుకెళ్లనన్నదట. నీటిలో ఉన్నంతసేపు తడి గుడ్డకు పెద్దగా బరువు ఉండదు, ఎందుకంటే దానిలో ఇంకినది చుట్టూ ఉన్న నీరే. బరువు తెలిసేది పైకి ఎక్కేటప్పుడు. చీరతో వచ్చే అసలు చిక్కు వేరు. కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి, ఒడ్డుకూ బోటుకూ మధ్య వేసిన బల్ల మీద నడిచేటప్పుడు అంచు కాలి కింద పడుతుంది. కాబట్టి అలవాటున్నవారు చుడీదార్ వేసుకుంటే మంచిది. చీరే అయితే పట్టు, బరువైన జరీ వద్దు, నూలు చీరను చీలమండ పైకి కట్టుకుని, పమిట కొంగును నడుం చుట్టూ తిప్పి దోపుకుని, దాని పైన జాకెట్ వేసుకోండి. ఆ అమ్మగారు అలాగే వచ్చారు, బల్ల మీద ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచారు.

జాకెట్ మీద శాలువా, చున్నీ, పమిట కప్పుకోవడం మాత్రం మానండి. ఫొటోలో నారింజ రంగు బాగోదని కప్పుకునే వాళ్లే ఎక్కువ. ప్రమాదంలో దూరం నుంచి కనిపించేది ఆ రంగే, చెయ్యి వేసి లాగడానికి దొరికేది ఆ జాకెట్ భుజాలే.

చలికాలం గనక ఉన్ని కోటు తెచ్చుకోవాలా అని అడుగుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్న నది మీద మంచు పట్టి ఉంటుంది, బోటు కదిలాక పై అంతస్తులో గాలి చురుగ్గా తగులుతుంది. కానీ పదిన్నర, పదకొండు అయ్యేసరికి ఎండ వచ్చేస్తుంది, మందపాటి కోటు వేసుకున్నవారికి అప్పుడు ఉక్క పోస్తుంది, ఆ ఉక్కకు కోటుతో పాటు జాకెట్‌నూ విప్పేస్తారు. అందుకే నూలు చొక్కా మీద పల్చటి స్వెటర్ చాలంటాను. నీడలో కూర్చున్నా నీటి మీద నుంచి ఎండ ఎగదన్ని ముఖానికి కొడుతుంది కనుక గడ్డం కింద కట్టుకునే టోపీ, సన్‌స్క్రీన్ తెచ్చుకోండి.

చెప్పులకు వెనక పట్టీ ఉండాలి. హవాయి చెప్పులు తడి ఇనుప డెక్ మీద జారతాయి, హైహీల్స్ ఇసుకలో దిగబడతాయి. పేరంటపల్లిలో గుడికి మెట్లు ఎక్కాలి కూడా.

వాంతుల భయం ఎక్కువమందికి అనవసరం. నది మీద బోటు సముద్రంలోలా ఊగదు. కడుపులో తిప్పేది చాలావరకు రేవు దాకా వచ్చే బస్సులోనే. పరగడుపున రావడం వల్ల మేలు లేదు, రెండు ఇడ్లీలు తిని రండి. ఇంజను పొగ వచ్చే వెనక భాగంలో కూర్చోవద్దు. మాత్ర అలవాటున్నవారు బస్సు ఎక్కకముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు.

బాత్రూమ్ గురించి ఆడవాళ్లు అడగడానికి మొహమాటపడి, పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా వచ్చి మధ్యాహ్నానికి కళ్లు తిరిగి పడిపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. రోజంతా తిరిగే పెద్ద బోట్లలో మరుగుదొడ్డి ఉంటుంది. టికెట్ తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకుని, నీళ్లు మామూలుగా తాగండి.

ఇక సంచి సంగతి. బోటులో చక్రాల సూట్‌కేసు దారికి అడ్డం. ఒక్క భుజాన వేసుకునే సంచి చాలు. అందులో గుర్తింపు కార్డు, ఒక జత పొడి బట్టలు, తువ్వాలు, నీళ్ల సీసా, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో ఫోను ఉంటే సరిపోతుంది. కొండల మధ్య సిగ్నల్ చాలాచోట్ల అందదు. పేరంటపల్లిలో కొండరెడ్లు వెదురుతో చేసి అమ్మే వస్తువులు కొనాలంటే చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, ఫోనులో డబ్బులున్నాయంటే వారికి అమ్మకం పోతుంది. కర్పూరం, అగ్గిపెట్టె మాత్రం ఇంట్లోనే వదిలేయండి. గోదారమ్మకు హారతి ఇవ్వాలనుకునేవారు రేవులో ఇవ్వవచ్చు. 2018 మేలో దేవీపట్నం దగ్గర ఒక పర్యాటక బోటు మంటల్లో కాలిపోయింది, అందులోని ప్రయాణికులు ఒడ్డుకు చేరబట్టి బతికారు. నడి నదిలో నిప్పంటే మాకు ఎంత భయమో అందుకే చెబుతున్నాను.

బీపీ, షుగరు మందులను బస్సులో వదిలేసిన పెద్ద బ్యాగులో పెట్టకండి. భోజనం బోటులోనే పెడతారు గానీ వేళ అటూ ఇటూ అవుతుంది. షుగరు ఉన్నవారు రెండు బిస్కెట్ ప్యాకెట్లు, ఒక అరటిపండు చేతి సంచిలో ఉంచుకోండి. ఇన్సులిన్‌ను ఎండ తగలకుండా తడిగుడ్డ చుట్టి పెట్టుకోవాలి, మంచుగడ్డలకు నేరుగా ఆనించకూడదు. మీకు ఏ జబ్బు ఉందో ఎక్కగానే గైడ్‌కు ఒక్క మాట చెప్పండి, మీ సీటు నీడలో, ద్వారానికి దగ్గరగా ఉండేలా మేం చూసుకుంటాం.