ఉప్పెన రాకముందే

ప్రియమైన పిల్లలకు,

తుపాను వస్తోందంటే చాలు, గాలి వేగం ఎంత, తీరం ఎక్కడ దాటుతుంది అని అందరం టీవీ ముందు కూర్చుంటాం. అవి తెలుసుకోవాల్సినవే. అయితే ఒక ఊరు ఆ తుపానును తట్టుకుంటుందా లేదా అన్నది చాలావరకు ఎన్నో ఏళ్ల ముందే తేలిపోయి ఉంటుంది. ఆ సంగతి మీకు వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. గాలికంటే నీరే ఎక్కువ ప్రాణాలు తీసింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే చనిపోయినవారు దాదాపు 10 వేల మంది. ఎంతో మందికి హెచ్చరిక సమయానికి అందలేదు. అందినా, పరుగెత్తి ఎక్కడానికి గట్టి మేడ లేని ఊళ్లే ఎక్కువ.

ఇప్పుడు సముద్రం ఇంకా వేడెక్కుతోంది. తుపానుకు బలాన్నిచ్చేది ఆ వెచ్చని నీరే కాబట్టి, కొన్ని తుపాన్లు ఒక్క రోజులోనే భయంకరంగా బలపడుతున్నాయి. సముద్ర మట్టమూ పెరుగుతోంది. మరోవైపు కృష్ణా గోదావరులు మోసుకురావలసిన ఒండ్రు ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. ఒండ్రు చేరని డెల్టా మెల్లగా కుంగుతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడకు వెళ్తే, కడలి కోతకు ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు మీకు కనిపిస్తారు.

ఆ ఉప్పాడకు కొంచెం దక్షిణాన కోరంగి మడ అడవి ఉంది. వీలైతే ఒకసారి తప్పకుండా చూడండి. తెల్ల మడ ఆకును నాలుకకు తాకించి చూడండి, ఉప్పగా ఉంటుంది. వేర్లు పీల్చిన ఉప్పును ఆ చెట్టు ఆకుల మీదుగా బయటికి వదిలేస్తుంది. చెట్టు చుట్టూ బురదలోంచి సన్నని వేర్లు నిటారుగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కనుక ఆ వేర్లే చెట్టుకు ఊపిరి తీసుకుంటాయి. ఉప్పు పొన్న తీరు మరొకటి. దాని గింజ కొమ్మ మీదే మొలకెత్తి, ములక్కాడలా వేలాడి, అదును చూసి బురదలోకి జారుతుంది.

ఈ వేర్ల చిక్కుల్లో నీటి ఉరవడి తగ్గుతుంది, ఒండ్రు నిలుస్తుంది. రొయ్య పిల్లలు, పీతలు అక్కడే పెరుగుతాయి. 1999లో ఒడిశాను సూపర్ సైక్లోన్ కొట్టినప్పుడు, కేంద్రపడా జిల్లాలో ఊరికీ సముద్రానికీ మధ్య వెడల్పైన మడ అడవి మిగిలి ఉన్నచోట మరణాలు తక్కువని తర్వాత పరిశోధకులు లెక్కగట్టారు. మడ అడవి ఎంత పెద్ద ఉప్పెననైనా ఆపేస్తుందని నేను అనను. కానీ దాని దెబ్బ తగ్గిస్తుంది. అలాంటి అడవిని రొయ్యల చెరువుల కోసం నరికేసుకోవడం మనకు మనం చేసుకున్న పెద్ద నష్టం.

పోయినచోట మళ్లీ పెంచవచ్చు, కానీ ఊరికే మొక్క నాటితే బతకదు. అడవి పోయిన నేల ఎండి, కుంగి, నీరు నిలిచి, ఉప్పు పేరుకుంటుంది. అందుకని పాయ నుంచి ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే చేపముల్లు ఆకారం. పోటుకు నీరు లోపలికి వస్తుంది, పాటుకు ఉప్పును కడుక్కుని వెళ్తుంది. అప్పుడు కాలువల అంచున మొక్కలు నాటుతారు. కృష్ణా గోదావరి తీరాల్లో ఊరివాళ్లు ఈ పనిలో చేయి కలిపారు.

చేలో కూడా ఇలాంటి సన్నాహమే. మన మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరి మీకు తెలిసిందే. మామూలు వరి మునిగితే గాలి కోసం పైకి సాగుతూ, ఉన్న శక్తినంతా ఖర్చుచేసి కుళ్లిపోతుంది. ఒడిశా నాటు రకం ఒకటి మునిగినప్పుడు ఎదుగుదల ఆపుకుని, శక్తిని దాచుకుని ఎదురుచూస్తుంది. ఆ గుణానికి మూలమైన జన్యువును స్వర్ణలోకి తెచ్చారు. అదే 2009లో విడుదలైన స్వర్ణ సబ్-1. రెండు వారాల దాకా నీట మునిగినా తిరిగి లేస్తుంది. ఆ నాటు విత్తనాన్ని తరతరాలుగా కాపాడుకొచ్చిన రైతులకు మనం ఎంతో రుణపడి ఉన్నాం.

ఇక మనుషుల సంగతి. 1999లో ఒడిశాలో దాదాపు 10 వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ అదే రాష్ట్రంలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశా, ఆంధ్ర తీరాల్లో సుమారు 10 లక్షల మందిని ముందే తరలించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. మధ్యలో ఉన్న ఆ 14 ఏళ్లలో తుపాను షెల్టర్లు కట్టారు, ఊరూరా యువకులకు శిక్షణ ఇచ్చారు. అయినా పశువులను వదలలేక, ఇంట్లో సామాను పోతుందన్న భయంతో కదలనివాళ్లు ఉంటారు. వాళ్లను మొండివాళ్లని విసుక్కోకండి. గేదే వాళ్లకు ఆస్తి. దాన్ని ఎక్కడ కట్టేయాలో ముందే చెబితే వాళ్లూ కదులుతారు.

తీరంలో ఉన్న మీకు ఒక పని చెబుతున్నాను. ఈ ఆదివారం మీ ఊరి తుపాను షెల్టరు దాకా వెళ్లి రండి. తాళం ఎవరి దగ్గర ఉంది, కుళాయిలో నీళ్లు వస్తున్నాయా, నడవలేని అవ్వ ఆ మెట్లు ఎలా ఎక్కగలదు అని చూడండి. చూసింది పంచాయతీ వాళ్లకు కాగితం మీద రాసి ఇవ్వండి. నాకూ ఒక ప్రతి పంపండి.

ఆశీస్సులతో,
మీ కోనసీమ తాతయ్య