అయస్కాంత కవచం: సగం నిజం వెనుక కథ

సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగిందని వార్త వచ్చిన ప్రతిసారీ చివర్లో ఒక ధైర్యం చెప్పే వాక్యం ఉంటుంది: భూమికి అయస్కాంత కవచం ఉంది, టెన్షన్ పడక్కర్లేదు. 2024 మే 10న సౌర తుఫాను భూమిని తాకినప్పుడూ ఇదే మాట వినిపించింది. 2003 తర్వాత అంత బలమైన తుఫాను రాలేదు. ధ్రువాలకు చాలా దూరంగా ఉన్న ప్రాంతాల్లో కూడా ఆ రాత్రి ఆకాశం ఎర్రబడింది. కవచం అంత గట్టిదైతే ఇదంతా లోపలికి ఎలా వచ్చినట్టు?

కవచం అన్న మాట సగమే నిజం. మిగతా సగం బయటపడటానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.

కథ ఒక దిక్సూచి ముల్లుతో మొదలవుతుంది. 1741లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఒలోఫ్ హియోర్టర్ అనే ఆయన దిక్సూచి ముల్లును గంట గంటకూ చూసి రాసిపెట్టేవాడు. ఆకాశంలో ధ్రువజ్యోతి (ధ్రువాల వైపు రాత్రిళ్లు కనిపించే రంగుల వెలుగు) వెలిగిన రాత్రి ముల్లు కుదురుగా లేదని ఆయన గమనించాడు. ఈ పని ఆయన ఆండర్స్ సెల్సియస్‌తో కలిసి చేశాడు. మనం ఎండ వేడిని కొలిచే డిగ్రీల పేరు ఈ సెల్సియస్‌దే. ఉప్సాలాలో ముల్లు కదిలిన ఒక రోజున లండన్‌లో జార్జ్ గ్రాహం దగ్గరున్న ముల్లు కూడా కదిలింది. అంటే కారణం ఏ గదిలోనో, ఏ ఊళ్లోనో లేదు. ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు.

1859 సెప్టెంబర్ 1 ఉదయం ఖగోళ శాస్త్రవేత్త రిచర్డ్ క్యారింగ్టన్ ఇంగ్లండ్‌లోని తన టెలిస్కోపుతో సూర్యబింబాన్ని తెర మీద పడేలా చేసుకుని మచ్చల బొమ్మ గీస్తున్నాడు. మచ్చల గుంపు మీద ఉన్నట్టుండి రెండు తెల్లని వెలుగు చుక్కలు కనిపించాయి. ఎవరినైనా సాక్ష్యానికి పిలుద్దామని పరుగెత్తాడు. నిమిషం లోపే తిరిగొచ్చి చూస్తే వెలుగు అప్పటికే మసకబారిపోయింది. సుమారు పదిహేడున్నర గంటల తర్వాత భూమి మీద అయస్కాంత సూదులన్నీ పిచ్చెక్కినట్టు ఊగాయి, టెలిగ్రాఫ్ తీగల్లో నిప్పురవ్వలు లేచాయి. రెండింటికీ సంబంధం ఉందని తేల్చడానికి క్యారింగ్టన్ తొందరపడలేదు.

భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ అయితే సంబంధమే లేదన్నాడు. 1892లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ అధ్యక్షుడి హోదాలో లెక్క కట్టి మరీ చెప్పాడు: 1885 జూన్‌లో వచ్చిన ఒక అయస్కాంత తుఫానును సూర్యుడే రేపి ఉంటే, మామూలుగా నాలుగు నెలల్లో వెదజల్లే వేడినీ వెలుతురునూ ఆ ఎనిమిది గంటల్లోనే ఖర్చు పెట్టి ఉండాలి. కూడికలు, గుణకారాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ సూర్యుడి అయస్కాంత ప్రభావం దీపకాంతిలా అన్ని దిక్కులకూ పరుచుకుంటుందని ఆయన ముందే అనుకున్నాడు. సూర్యుడు పదార్థాన్నే విసరగలడన్న ఆలోచన ఆ లెక్కలో లేదు.

ఆ ఆలోచన కొద్దికొద్దిగా వచ్చింది. నార్వేలో క్రిస్టియన్ బిర్కెలాండ్ ఒక గాజు పెట్టెలో గాలి తీసేసి, మధ్యలో అయస్కాంతపు గోళం వేలాడదీసి, దాని మీదికి ఎలక్ట్రాన్లను వదిలాడు. గోళపు ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు ఏర్పడ్డాయి. 1930ల మొదట్లో సిడ్నీ చాప్‌మన్, విన్సెంట్ ఫెరారో ఇంకో అడుగు వేశారు. సూర్యుడి నుంచి వచ్చే ప్లాస్మా (విద్యుదావేశమున్న కణాల వాయువు) మబ్బు భూమి అయస్కాంత క్షేత్రాన్ని నొక్కుతుంది, క్షేత్రం ఎదురు తిరిగి ఆ మబ్బులో ఒక గుహలాంటి ఖాళీని నిలబెట్టుకుంటుంది అన్నారు. కవచం అన్న బొమ్మ ఇక్కడే పుట్టింది. అయితే వాళ్ల దృష్టిలో మబ్బు ఎప్పుడో ఒకసారి వచ్చేది. మిగతా రోజుల్లో అంతరిక్షం ఖాళీ.

ఖాళీ కాదని పట్టిచ్చింది తోకచుక్కలు. తోకచుక్క సూర్యుడి దగ్గరికి వస్తున్నా, తిరిగి వెళ్లిపోతున్నా, దాని తోక సూర్యుడికి అవతలి దిక్కుకే చాచి ఉంటుంది. తోకలోని అయాన్లను (విద్యుదావేశమున్న అణువులను) అంత గట్టిగా తోయడానికి కాంతి ఒత్తిడి చాలదని 1951లో జర్మనీకి చెందిన లుడ్విగ్ బియర్మన్ చూపించాడు. ఏదో ఒకటి ఎప్పుడూ వీస్తూనే ఉండాలి.

1958లో ఆ ‘ఏదో’కి యూజీన్ పార్కర్ లెక్కలు కట్టి సౌరపవనం అని పేరు పెట్టాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై. సూర్యుడి బయటి పొర కరోనా (ఆ పేరు వైరస్ కంటే ముందు దీనిదే) పది లక్షల డిగ్రీలకు పైగా వేడిగా ఉంటుంది. అంత వేడి వాయువును సూర్యుడి ఆకర్షణ పట్టి ఉంచలేదు. అది ధ్వని వేగాన్ని దాటి బయటికి దూసుకుపోక తప్పదని పార్కర్ తేల్చాడు. ఆ పరిశోధన పత్రాన్ని అచ్చుకు ముందు పరిశీలించిన ఇద్దరూ కొట్టిపారేశారు. పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కి కూడా ఆ ఆలోచన రుచించలేదు. కానీ గణితంలో తప్పు ఎవరూ చూపించలేకపోయారు కాబట్టి అచ్చు వేశారు. తనకు నచ్చని మాటను తప్పు దొరకలేదన్న ఒక్క కారణంతో అచ్చు వేసిన సంపాదకుణ్ణి మెచ్చుకోకుండా ఉండలేం.

1959లో సోవియట్ లూనా నౌకల్లో కాన్‌స్టాంటిన్ గ్రింగౌజ్ పెట్టిన పరికరాలకు ఈ కణాలు తగిలాయి. 1962లో నాసా నౌక మెరైనర్ 2 శుక్రుడి వైపు వెళ్తూ మూడు నెలలకు పైగా కొలిచింది. పవనం ఒక్క రోజు కూడా ఆగలేదు. వేగం సెకనుకు వందల కిలోమీటర్లు. పవనం అంటాం కానీ, భూమి దగ్గర ఘన సెంటీమీటరుకు ఉండేవి సుమారు 5 కణాలే.

భూమికి సూర్యుడి వైపు సుమారు 65,000 కిలోమీటర్ల దూరంలో ఈ పవనానికీ మన క్షేత్రానికీ సరిహద్దు ఉంటుంది. ఆ సరిహద్దు తెరుచుకుంటుందని 1961లో జేమ్స్ డంజీ చెప్పాడు. సౌరపవనం తనతో పాటు సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా మోసుకొస్తుంది. సరిహద్దు దగ్గర భూమి క్షేత్రం ఉత్తరానికి చూస్తుంటుంది. వచ్చే క్షేత్రం కూడా ఉత్తరానికే ఉంటే రెండూ ఒరుసుకుని, పవనం చాలావరకు పక్కల నుంచి వెళ్లిపోతుంది. దక్షిణానికి ఉంటే మాత్రం ఎదురెదురు బలరేఖలు (క్షేత్రం దిక్కును చూపే గీతలు) తెగి, అటువి ఇటువి కలిసి అతుక్కుంటాయి. అప్పుడు మన రేఖ ఒక కొస ధ్రువం దగ్గర, రెండో కొస సౌరపవనంలో. పవనం దాన్ని వెనక్కి ఈడ్చుకుపోతుంది. భూమి రాత్రి వైపున్న పొడవాటి తోకలో ఇలాంటి రేఖలు పోగై, సాగి, మళ్లీ తెగి అతుక్కుంటాయి. ఆ విసురుకి కణాలు భూమి వైపు దూసుకొస్తాయి. అందుకే ధ్రువజ్యోతి అంటే సూర్యుడి కణాలు నేరుగా ధ్రువాల మీద పడటం కాదు. చాలావరకు అవి వెనుక తలుపు నుంచి వచ్చినవి.

పవనంలోని క్షేత్రం దక్షిణానికి తిరిగినప్పుడే అలజడి పెరుగుతుందని 1966 నాటికి కొలతల్లో తేలింది. తెగి అతుక్కునే చోటనే ఎలక్ట్రాన్లు ఎలా కదులుతాయో చూడటానికి మాత్రం 2015 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పని నాసా ఎంఎంఎస్ నౌకలు నాలుగూ కలిసి చేశాయి. తుఫాను హెచ్చరికల్లో ఇప్పటికీ అసలు చిక్కు ఇదే. వచ్చే మబ్బులో క్షేత్రం ఏ దిక్కున ఉందో అది మనకు సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 అనే చోట ఉన్న నౌకలను తాకితే గానీ నమ్మకంగా తెలియదు. అక్కడి నుంచి మనకు మిగిలేది గంట, ఒక్కోసారి అంతకన్నా తక్కువ.

మిగతా గ్రహాలను చూస్తే కవచం కథ ఇంకా చిక్కబడుతుంది. బుధుడి క్షేత్రం మన దాంట్లో నూరో వంతే, పైగా పవనం అక్కడ దట్టం. రేఖలు తెగి, వెనక్కి పోయి, మళ్లీ అతుక్కునే వరుసను డంజీ చక్రం అంటారు; భూమి దగ్గర గంట పట్టే ఆ చక్రం అక్కడ రెండు నిమిషాల్లో అయిపోతుంది. గురుడిది ఇందుకు తలకిందులు. పది గంటలకో చుట్టు తిరిగే వేగం, అయో ఉపగ్రహపు అగ్నిపర్వతాల నుంచి సెకనుకు టన్ను లెక్కన వచ్చే పదార్థం అక్కడి వ్యవస్థను లోపలి నుంచే నడుపుతాయి. యురేనస్ విషయంలో మనం కొంత మోసపోయాం. 1986లో వోయేజర్ 2 నౌక అక్కడికి వెళ్లే ముందే సౌరపవనం దాని క్షేత్రాన్ని గట్టిగా నొక్కేసిందని, అలాంటి స్థితి అక్కడ నూటికి నాలుగు పాళ్ల సమయంలోనే ఉంటుందని పాత డేటాను తిరగేసి 2024లో చెప్పారు. దాదాపు నలభై ఏళ్లు మనం చదువుకున్నది ఆ అరుదైన క్షణాన్ని.

ఇక వాతావరణాన్ని కాపాడేది అయస్కాంత క్షేత్రమే అని కూడా అంటుంటారు. అంగారకుడికి ఇప్పుడు గ్రహమంతటికీ క్షేత్రం లేదు. అక్కడ సౌరపవనం సెకనుకు సుమారు 100 గ్రాముల వాతావరణాన్ని ఎత్తుకుపోతోందని 2015లో నాసా అంగారక నౌక మావెన్ బృందం ప్రకటించింది. వినగానే నిజమే అనిపిస్తుంది. కానీ శుక్రుడికీ క్షేత్రం లేదు, సూర్యుడికి మనకన్నా దగ్గర, అయినా నేల మీద గాలి ఒత్తిడి మన దానికి 90 రెట్లు. పైగా పెద్ద క్షేత్రమంటే పవనం శక్తిని పట్టే పెద్ద వల కూడా. ఆ శక్తి ధ్రువాల దగ్గర దిగి, అక్కడి నుంచే ఆక్సిజన్ అయాన్లను పైకి లేపి పంపేస్తుంది. ఈ వాదం ఇంకా నడుస్తోంది.

భూమి గాలి అలా పైకి జారడానికి తోడ్పడే విద్యుత్ క్షేత్రం ఒకటి ఉండాలని 1960ల నుంచీ అనుకుంటున్నారు. 2022 మేలో ఉత్తర ధ్రువానికి దగ్గరున్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్ నుంచి ఎగిరిన ఎండ్యూరెన్స్ రాకెట్ 768 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లి దాన్ని కొలిచింది. కొలిచిన ఎత్తు మొత్తం మీద తేడా 0.55 వోల్టులు. చేతిగడియారపు బ్యాటరీలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.