అపోహలు – వాస్తవాలు: "ఎంపీత్రీ చేయించేశాం, ఇంక క్యాసెట్లెందుకు?"

మద్రాసు తెలుగు ఇళ్లలో ఇప్పుడు తరచూ జరుగుతున్న సంగతి ఇది. మైలాపూరులోనో టీ నగర్‌లోనో పాత అపార్ట్‌మెంటు కూల్చి కొత్తది కడుతున్నారు. ఇల్లు ఖాళీ చేయాలి. నాన్నగారి బీరువాలోంచి రెండు వందల క్యాసెట్లు బయటపడతాయి. కొన్ని సభలో ముందు వరుసలో కూర్చుని పట్టుకున్నవి, కొన్ని రేడియోలోంచి ఎక్కించినవి, కొన్ని సాటి రసికుల దగ్గర కాపీ చేయించుకున్నవి. పిల్లలకి ఉన్నది పది రోజుల సెలవు. ఎవరికో ఒకరికి మూటగట్టి ఇచ్చి, ఎంపీత్రీలున్న పెన్‌డ్రైవ్ తీసుకుని, క్యాసెట్లు పాత పేపర్ల వాడికి వేసేస్తారు. కొన్నాళ్లకి ఫోన్ వస్తుంది: "గొంతు మీద దుప్పటి కప్పినట్టుందండీ, కాస్త బాగుచేస్తారా?"

క్యాసెట్ ఉంటే చేయొచ్చు. లేకపోతే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. కర్ణాటక సంగీతం రికార్డింగుల చుట్టూ తిరిగే అపోహలు చాలా ఉన్నాయి గానీ, తిరిగిరాని నష్టం చేసేది ఇదొక్కటే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఒకసారి డిజిటల్ చేశాక క్యాసెట్‌తో పని లేదు

వాస్తవం: మొదటిసారి చేసిన కాపీలు చాలావరకు పనికిరానివే. తప్పు మీది కాదు. పదుల కొద్దీ క్యాసెట్లు వరసగా ఎక్కించే చోట ఒక్కొక్క దానికీ డెక్ (క్యాసెట్ వినిపించే మెషిన్) సర్దే తీరిక ఉండదు. ఆన్‌లైన్‌లో దొరికే వాక్‌మన్ లాంటి చవక యూఎస్‌బీ ప్లేయర్లలో అయితే సర్దడానికే ఏమీ ఉండదు. మోటారు నిలకడగా తిరగదు, లెవెల్ మన చేతిలో ఉండదు.

అన్నిటికంటే ముందు పోయేది పై స్థాయి శబ్దం. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది. ఆ లెక్కన 10 కిలోహెర్ట్జ్ శబ్దం ఒక్క తరంగం టేపు మీద ఐదు మైక్రాన్లు కూడా ఉండదు. ఆనాడు రికార్డు చేసిన మెషిన్ హెడ్ (టేపుకి ఆనే అయస్కాంతపు ముక్క) వెంట్రుకవాసి వంగి ఉండి, ఇప్పుడు వినిపించే డెక్ హెడ్ నిటారుగా ఉంటే ఆ తరంగాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మృదంగం చాపు మోత, వయొలిన్ కమాను ఒరిపిడి, సాహిత్యంలోని స, శ, ష అన్నీ మొద్దుబారతాయి. మీకు కప్పినట్టు వినిపించే దుప్పటి ఇదే. తర్వాత ఈక్వలైజర్‌లో ట్రెబుల్ ఎంత పెంచినా పెరిగేది హిస్సే, అంటే టేపు బుసే. హెడ్ వంపునే అజిమత్ అంటారు, దాన్ని సర్దడానికి హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, రెండు ఛానెళ్లూ కలిపి మోనోలో వింటూ, దాన్ని కొద్దికొద్దిగా తిప్పాలి. హిస్సూ, 'స'కారాలూ ఎక్కడ బాగా పదునుగా వస్తాయో అక్కడ ఆపాలి. ఏ వైపు, బీ వైపు విడివిడిగా చేయాలి. అది కేవలం రెండు నిమిషాల పని, కానీ క్యాసెట్ చేతిలో ఉన్నప్పుడే సాధ్యం.

తర్వాత లెవెల్, అంటే ఎంత గట్టిగా ఎక్కించాలన్నది. ఎక్కువ మంది ఆలాపన విని లెవెల్ పెడతారు. కచేరీలో అన్నిటికంటే గట్టిగా వచ్చేవి తని ఆవర్తనమూ (మృదంగం ఒక్కటే మోగే భాగం), దాని తర్వాతి చప్పట్లూ. అక్కడికి వచ్చేసరికి శబ్దం పగిలిపోతుంది, ఆ పగులు మళ్లీ అతకదు. ముందు టేపుని తని దాకా నడిపి, అక్కడ శిఖరం మైనస్ 6 డీబీ దాటకుండా పెట్టుకుని, వెనక్కి చుట్టి మొదటి నుంచి ఎక్కించాలి.

మూడోది, శుభ్రం చేయాలన్న అత్యుత్సాహం. నాయిస్ రిడక్షన్ (రొద తీసే ప్రోగ్రాము) నిలకడగా మోగే దేన్నయినా రొదే అనుకుంటుంది. మన కచేరీలో నిలకడగా మోగేది తంబురా! పాట మొదలవక ముందున్న నాలుగు సెకన్లని నమూనాగా ఇచ్చారంటే తంబురాని చేతులారా తీసేసినట్టే. గమకాల చివరలు బుడబుడమంటాయి, మృదంగం మీటు తర్వాతి నాదం తెగిపోతుంది. హిస్ ఉంటే ఉండనివ్వండి, ఐదు నిమిషాల్లో చెవి దాన్ని మర్చిపోతుంది. అంతగా తీయాలనిపిస్తే కాపీ మీద చేసుకోండి, మూలం ఫైలుని ముట్టుకోకండి.

ఇక వేగం. దీని గురించి రసికుల మధ్య జరిగే వాదనలు వింటుంటే ఓపిక నశిస్తుంది. "ఆయన ఆ రోజుల్లో రెండు శ్రుతికి పాడేవారు", "ఈయన చౌకకాలం (నిదానమైన నడక) జోలికే పోలేదు" అంటూ తీర్పులిచ్చేస్తారు, అదీ వేగం తప్పిన కాపీ విని. టేపు ఆరు శాతం వేగంగా తిరిగితే శ్రుతి దాదాపు అర మెట్టు పెరుగుతుంది. ఒకటిన్నర శ్రుతి కాస్తా రెండవుతుంది, కాలప్రమాణం (పాట నడక) కూడా ఆ మేరకు పరుగెత్తుతుంది, గంట కచేరీ 57 నిమిషాల లోపే అయిపోతుంది. బ్యాటరీ రికార్డర్‌తో సభలో పట్టుకున్నవాటిలో ఇంకో చిక్కుంది. బ్యాటరీ నీరసించే కొద్దీ రికార్డరు నెమ్మదిస్తుంది, కాబట్టి ఇప్పుడు సరైన వేగంతో వినిపిస్తే శ్రుతి పోనుపోనూ పైకెక్కుతుంది. వర్ణానికి ఒకటిన్నర, మంగళానికి రెండు. గాయకుడు శ్రుతి మార్చలేదు, సెల్లులు అయిపోయాయి, అంతే.

సరిచేయడానికి ముందు డెక్ సరిగ్గా ఉండాలి. 3,150 హెర్ట్జ్ టెస్ట్ క్యాసెట్ వేసి, కంప్యూటర్‌లో ఆ అంకె వచ్చేదాకా మోటారు వేగం సర్దాలి. ఆ తర్వాత రికార్డింగులోనే ఆధారం వెతకాలి. సభలో మైకు కరెంటు మీద నడిచి ఉంటే, మన దేశపు 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు గుయ్యిమనే మోత) చాలాసార్లు టేపులోకి ఎక్కి ఉంటుంది. స్పెక్ట్రమ్‌లో ఆ గీత 53 దగ్గర కనిపిస్తే టేపు ఆరు శాతం వేగంగా ఉన్నట్టు. జాగ్రత్త, టేపు ఆపినా 50 దగ్గర గీత నిలిచే ఉంటే అది మీ డెక్‌ది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. హమ్ దొరక్కపోతే, ఆ విద్వాంసుడు ఆ కాలంలోనే విడుదల చేసిన ఎల్పీతో శ్రుతి పోల్చుకోవాలి. ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రాములో వాడాల్సింది స్పీడూ పిచ్చూ కలిపి మార్చేది. పిచ్ మాత్రమే మార్చేదాన్ని వాడితే కాలప్రమాణం తప్పుగానే మిగిలిపోతుంది. క్రమంగా ఎక్కే శ్రుతికి స్లైడింగ్ స్ట్రెచ్ ఉంది.

ఈ నాలుగూ సరిగ్గా చేసి, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వావ్‌గా పెట్టుకుంటే గంట క్యాసెట్‌కి 1 జీబీ పైచిలుకు అవుతుంది. అలాంటివి 200 ఉంటే 207 జీబీ. ఫ్లాక్ చేస్తే సుమారు సగానికి దిగుతుంది, శబ్దంలో రవ్వంత కూడా పోదు. 128 కేబీపీఎస్ ఎంపీత్రీ అయితే క్యాసెట్‌కి 58 ఎంబీ. ఎంపీత్రీ ఫోన్లో వినడానికి, దాచుకోవడానికి కాదు. రెండు హార్డ్ డిస్కులు కొని, ఒకటి వేరే ఊళ్లో ఉన్న తమ్ముడింట్లో పెట్టండి. చోటు లేదని క్యాసెట్లు పారేసేవారికి ఒక మాట: రెండు వందల క్యాసెట్లు రెండు అట్టపెట్టెల్లో పడతాయి. నిలువుగా పేర్చి, సిలికా జెల్ పొట్లాలు వేసి, మేడ పైకప్పు కింది అటక మీద కాకుండా, స్నానాలగది గోడకి ఆనకుండా పెట్టండి.

క్యాసెట్ పెట్టెలోని అట్ట కాగితాన్ని మాత్రం మర్చిపోవద్దు. నాన్నగారి చేతిరాతలో పక్కవాద్యాల పేర్లూ, తేదీ, సభ పేరూ ఉండేది దాని మీదే. రెండు వైపులా ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. మూడు గంటల కచేరీ రెండు సీ-90లకి (తొంభై నిమిషాల క్యాసెట్లకి) పాకి ఉంటుంది, వరస చెప్పేది కూడా ఆ కాగితమే.

అపోహ: తిరగడం లేదు, కీచుమంటోంది, కాబట్టి పోయింది

కంగారు పడకండి, టేపు పోవడం అరుదు. పోయేది టేపుని పట్టుకుని ఉండే ప్లాస్టిక్ డబ్బా. లోపల రాగి రేకుకి అంటించిన ఫెల్టు ముక్క, అదే ప్రెషర్ ప్యాడ్, జిగురు ఎండి ఊడిపోతుంది. అప్పుడు టేపు హెడ్‌కి ఆనదు, శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. ఐదు స్క్రూల డబ్బా అయితే విప్పి, టేపు చుట్టల్ని కొత్త డబ్బాలోకి మార్చాలి. అతికించిన డబ్బా అయితే అంచు వెంబడి జాగ్రత్తగా పగలగొట్టాలి. తెగిన చోట స్ప్లైసింగ్ టేపే వాడాలి. సెల్లోటేపు జిగురు కారి పక్క చుట్టలకి అంటుకుంటుంది. ఏళ్ల తరబడి కదలని క్యాసెట్‌ని ప్లే చేసేముందు ఒకసారి చివరిదాకా చుట్టి మళ్లీ వెనక్కి చుట్టండి. వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ చెక్కుల్ని ముందే విరిచేయండి, పొరపాటున రికార్డు మీట నొక్కినా ఏమీ చెరగదు.

కిటికీలోంచి చూస్తే చుట్ట మీద తెల్లటి పొడి ఉందా? అది బూజు. మన సముద్రపు గాలికి మామూలే. దాన్ని డెక్‌లో పెట్టకండి, మిగతా క్యాసెట్లన్నిటికీ అంటుతుంది. విడిగా కవర్లో వేసి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. వరద నీళ్లలో తడిసినవైతే (2015 డిసెంబర్ తర్వాత మద్రాసులో ఈ ప్రశ్న ఆగలేదు) బురద ఎండకముందే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఎండా, హెయిర్ డ్రైయరూ రెండూ వద్దు.

అపోహ: 78 ప్లేటుని స్పిరిట్‌తో తుడిస్తే మెరుస్తుంది

మెరవదు, కరుగుతుంది. 78 ప్లేటంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డు. అది లక్క, ఆల్కహాల్‌లో కరిగే పదార్థం. రెండు చుక్కల డిష్‌వాష్ ద్రవం కలిపిన డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్, మధ్యలోని లేబుల్ తడవకూడదు. ఎల్పీ ముల్లుతో వినకండి, 78కి మూడు మిల్స్ (అంగుళంలో వెయ్యోవంతులు మూడు) ముల్లు వేరే ఉంటుంది. ఎల్పీ ముల్లు గాడి అడుగున ఉన్న చెత్తంతా గీరుకుంటూ పోతుంది.

అపోహ: యూట్యూబ్‌లో లేని కచేరీ లేదు

ఉన్నవాటిలోనే సగం మీకు కనబడటం లేదు, వెతికే పద్ధతి వల్ల. తోడిని మనం ఇంగ్లీషులో 'టీ'తో రాస్తే ఇక్కడి తమిళులు 'టీహెచ్'తో రాస్తారు. 'కొలువమరెగదా' చివరి అక్షరం కూడా అంతే. రెండు రకాలుగానూ, తెలుగు లిపిలోనూ, తమిళ లిపిలోనూ వెతకండి. గాయకుడి పేరుతో అలసిపోయాక పక్కవాద్యం పేరుతో మొదలుపెట్టండి. లాల్గుడి జయరామన్, ఎం.ఎస్. గోపాలకృష్ణన్, పాల్ఘాట్ మణి అయ్యర్ పేర్లతో వెతికితే, అసలు మీరు ఊహించని గాయకుల కచేరీలు బయటికొస్తాయి. వోలేటి, నేదునూరి, పినాకపాణి గార్ల వంటి తెలుగు విద్వాంసుల విషయంలో ఆకాశవాణి ప్రసారాల ఇంటి రికార్డింగులే పెద్ద నిధి, వాటిలో చాలా భాగం ఇంకా బీరువాల్లోనే ఉంది. మ్యూజిక్ అకాడమీ ఆవరణలో ట్యాగ్ డిజిటల్ ఆర్కైవ్ ఉంది, అక్కడే కూర్చుని వినాలి. ఆకాశవాణి రాగం ఛానెల్ ఫోన్ యాప్‌లో ఇరవై నాలుగు గంటలూ శాస్త్రీయమే వేస్తుంది. మీకు తెలియని పేరు వినబడితే అక్కడే రాసుకోండి.

అపోహ: గ్రూపులో పెట్టేస్తే పంచుకున్నట్టే

స్పీకర్ ముందు ఫోన్ పెట్టి వాయిస్ మెసేజ్ చేసి పంపితే పంచుకున్నట్టు కాదు. అది మాటల కోసం చేసిన మోనో కుదింపు, తంబురా మొదటే ఎగిరిపోతుంది. ఫైలుని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, పేరూ మారదు, శబ్దమూ మారదు, 2 జీబీ దాకా పడుతుంది. ఫైలు పేరులో గాయకుడు, పక్కవాద్యాలు, ఊరు, సంవత్సరం, ఎక్కడి నుంచి వచ్చిందో ఉండాలి. "నాన్నగారి క్యాసెట్, 'ఏ' వైపు" అన్నా చాలు. తెలియనిది ఖాళీగా వదిలేయండి. ఊహించి వేసిన సంవత్సరం ఇంకో పది గ్రూపులు తిరిగేసరికి నిజమైపోతుంది. 1983 కచేరీ, మృదంగం పాల్ఘాట్ మణి అయ్యర్ అని ఎవరైనా పంపితే నమ్మకండి, ఆయన పోయింది 1981లో. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1964లో కాలం చేశారు, క్యాసెట్ అన్నది పుట్టిందే 1963లో. కాబట్టి ఆయన వయొలిన్ ఉన్న క్యాసెట్ ఏదైనా రీలు నుంచో ప్లేటు నుంచో చేసిన కాపీ అన్నమాట. ఆ మూలం ఎవరి దగ్గర ఉందో అడగండి, చాలాసార్లు అది ఇంకా బాగుంటుంది.

అపోహ: 192 కిలోహెర్ట్జ్‌లో ఎక్కిస్తే ఇంకా బాగుంటుంది

క్యాసెట్‌లో 15 కిలోహెర్ట్జ్ పైన ఉండేది హిస్సే. నమూనా రేటు 48 చాలు.

అపోహ: త్యాగరాజ కృతికి కాపీరైట్ ఏంటి?

కృతికి లేదు, రికార్డింగుకి ఉంది. విడుదలైన మరుసటి సంవత్సరం జనవరి నుంచి 60 ఏళ్లు. 1960లో వచ్చిన 78 ప్లేటు గడువు 2020తో తీరింది. 1975 ఎల్పీకి 2035 చివరిదాకా ఉంది. విడుదల కాని సభ కచేరీ అయినా పాడినవాళ్లకి ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది. అంటే 1990 కచేరీకి 2040 చివరిదాకా. రచయిత మన కాలంవారైతే ఆ లెక్క వేరే. బాలమురళీకృష్ణ గారి తిల్లానాల మీద రచన హక్కు ఆయన పోయిన 2016 తర్వాత 60 ఏళ్లు, అంటే 2076 దాకా. ఇంట్లో నలుగురు కూర్చుని వినడానికి ఎవరూ అడ్డురారు. బహిరంగంగా అప్‌లోడ్ చేయాలనుకుంటే మాత్రం ముందు విద్వాంసుడినో వారి కుటుంబాన్నో అడగండి. అడిగినప్పుడు వాళ్లకీ ఒక ఫ్లాక్ కాపీ ఇవ్వండి, ఆ కచేరీ వాళ్లింట్లో లేకపోవడం చాలా మామూలు.