స్పోర్ట్స్ కారు హెడ్‌లైట్: లోపలికి జరుగుతూ వచ్చిన లోపం

స్పోర్ట్స్ కారుకు ఒక పక్క హెడ్‌లైట్ వెలగడం మానేస్తుంది. బండిని చూపిస్తే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: "లైటు మొత్తం మార్చాలి." చెడింది గోరంత భాగం, మార్చేది మాత్రం బుట్టంత లైటు. ఇదంతా కంపెనీల దురాశ అనేస్తే మనసు కాస్త తేలికపడుతుంది, అందులో కొంత నిజం కూడా ఉంది. కానీ ఈ లైటు చరిత్ర చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ప్రతి తరం ఇంజనీర్లూ తమ కాలపు లోపాన్ని నిజంగానే సరిచేశారు. ఆ లోపం మాత్రం పూర్తిగా పోకుండా, ప్రతిసారీ ఒక గది లోపలికి జరిగి కూర్చుంది.

మొదట్లో కార్లకు ఎసిటిలీన్ గ్యాసు దీపాలు ఉండేవి. 1912లో కాడిలాక్ కరెంటు స్టార్టరునూ కరెంటు దీపాలనూ కలిపి ఇచ్చాక గ్యాసు దీపాల కాలం ముగుస్తూ వచ్చింది. ఆ తొలి కరెంటు దీపాలకు పెద్ద శత్రువు తేమ. అద్దం సందుల్లోంచి తడి చేరి వెనక ఉన్న వెండి పూత నల్లబడేది. బల్బు బాగానే ఉన్నా రోడ్డు కనిపించేది కాదు. దీనికి విరుగుడుగా 1940లో అమెరికాలో సీల్డ్ బీమ్ వచ్చింది. ఫిలమెంటు (వెలిగే సన్న తీగ), రిఫ్లెక్టరు (వెలుతురును ముందుకు తిప్పే పూత పళ్లెం), అద్దం మూడూ కలిపి మూసేసిన ఒకే గాజు బుడ్డి అది. కొలత 7 అంగుళాలు, ఏ కంపెనీ బండికైనా అదే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సీల్డ్ బీమ్‌లో ఫిలమెంటు తెగితే మార్చాల్సింది లైటు మొత్తమే. కాబట్టి "మొత్తం మార్చాలి" అన్న మాట కొత్తది కాదు, దానికి ఎనభై ఏళ్లు దాటాయి. అప్పట్లో ఆ మాట ఎవరినీ భయపెట్టలేదు, ఎందుకంటే ఆ బుడ్డి ఎక్కడైనా దొరికేది, ఏ బండికైనా సరిపోయేది. అమెరికా 1983లో నిబంధన సడలించి, బల్బు మాత్రం మార్చుకునే హెడ్‌లైట్లకు అనుమతి ఇచ్చింది. 1984 మోడల్ లింకన్ మార్క్ 7 వాటితో వచ్చింది. అప్పటి నుంచి లైటు ఆకారం డిజైనరు చేతికి వెళ్లింది. బండి ముఖం అందంగా మారింది కానీ, అందరికీ ఒకే కొలత అన్న సౌకర్యం పోయింది. ఈనాటి రిపేరు తలనొప్పికి అసలు మొదలు అక్కడేనని నా అభిప్రాయం. ఎలక్ట్రానిక్స్ ఆ తర్వాత వచ్చి చేరిన సంగతి.

యూరప్ వేరే దారిలో నడిచింది. 1962లో హెచ్1 హాలోజన్ బల్బు, 1971లో ఒకే బల్బులో హై, డిమ్ రెండూ ఉన్న హెచ్4 వచ్చాయి. హెచ్4కు హై బీమ్ 60 వాట్లు, డిమ్ 55 వాట్లు. రెండు లైట్లకూ కలిపి 9, 10 ఆంపియర్ల దాకా కరెంటు కావాలి. ఆ రోజుల్లో చాలా బండ్లలో ఈ కరెంటంతా డ్యాష్‌బోర్డులోని స్విచ్చు గుండానే వెళ్లేది, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) ఉండేది కాదు. స్విచ్చు కాంటాక్టులు కాలి, తీగలు పాతబడి, బల్బు దాకా చేరే వోల్టేజి తగ్గేది. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది. "బల్బులు కొత్తవే వేశాను, అయినా మసగ్గానే ఉంది" అనే పాత బండి యజమాని బాధకు కారణం చాలావరకు ఇదే. లైటు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు కనెక్టరు దగ్గర ఒకసారి మల్టీమీటరు పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది. లైటు ఆర్పి కొలిస్తే ఏ తేడా కనిపించదు, ఎందుకంటే కరెంటు పారకపోతే తీగలో వోల్టేజి పడిపోదు. ఇంత చిన్న మెలిక తెలియక ఎన్ని మంచి బల్బులు చెత్తబుట్టలో పడ్డాయో లెక్కలేదు.

స్పోర్ట్స్ కారుకు ఇంకో ఇబ్బంది ఉంది. గాలిని చీల్చడానికి ముక్కు కిందికి వంగాలి, చట్టం ప్రకారం మాత్రం హెడ్‌లైట్ కొంత ఎత్తులో ఉండాలి. ఐక్యరాజ్యసమితి నిబంధనల్లో డిమ్ లైటుకు కనీస ఎత్తు 500 మిల్లీమీటర్లు. పైగా అప్పట్లో అమెరికాలో గుండ్రటి సీల్డ్ బీమ్ తప్పనిసరి. ఈ చిక్కుముడికి దొరికిన జవాబే పైకి లేచే పాప్-అప్ హెడ్‌లైట్. ఆ ఆలోచన మాత్రం సీల్డ్ బీమ్ కంటే పాతది. 1936 మోడల్ కార్డ్ 810 కారులో డ్యాష్‌బోర్డు దగ్గర రెండు పక్కలా ఉన్న పిడుల్ని చేత్తో తిప్పి లైట్లు పైకి తెచ్చేవారు. 1962 లోటస్ ఎలాన్‌లో ఇంజిన్ వాక్యూమ్ (ఇంజిన్ గాలి పీల్చే బలం) ఆ పని చేసింది. 1963 కార్వెట్‌లో మోటార్లు వచ్చాయి, 1968లో అదే కార్వెట్ వాక్యూమ్‌కు మారింది, 1984 మోడల్‌లో మళ్లీ మోటార్లకు వచ్చింది. ఈ ఊగిసలాట చూస్తేనే రెంటిలో ఏదీ పూర్తి నమ్మకం కలిగించలేదని అర్థమవుతుంది. 1968 ఓపెల్ జీటీ వాళ్లు మాత్రం ఈ గొడవంతా పక్కన పెట్టి, డ్రైవరు పక్కన ఒక లివరు పెట్టారు. దాన్ని బలంగా లాగితే రెండు లైట్లూ ఒకే దిక్కుకు దొర్లి తెరుచుకునేవి. చూడ్డానికి నవ్వొస్తుంది కానీ, నాకు అదే నచ్చుతుంది.

వాక్యూమ్ పద్ధతిలో ఎక్కడో ఒక రబ్బరు గొట్టం పగిలితే చాలు, ఒక లైటు సగం కన్ను తెరిచి నిలబడిపోయేది. మోటారు పద్ధతిలో లోపలి ప్లాస్టిక్ పళ్ల చక్రం అరిగేది. లైటు పైకి వచ్చేశాక కూడా మోటారు గుర్రుమంటూ తిరుగుతూనే ఉంటే పళ్లు పోయినట్టే. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, రిలే, ఎర్త్ చూడాలి. లైటు పైకి లేచి వెలగకపోవడం ఒక జబ్బు, వెలుగుతూ లేవకపోవడం ఇంకో జబ్బు, రెంటి సర్క్యూట్లూ వేరు. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. అదృష్టం కొద్దీ చాలా బండ్లలో మోటారు వెనక చేత్తో తిప్పే పిడి కూడా పెట్టారు. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5కు ఈ పిడి ఉంది. పాప్-అప్ లైట్లతో చివరగా తయారైనవి లోటస్ ఎస్ప్రి, ఐదో తరం (సీ5) కార్వెట్. రెండూ 2004లో ఆగిపోయాయి. పాదచారుల భద్రత నిబంధనలు ఒక కారణం. పాప్-అప్ అవసరమే లేనంత చిన్న చోటులో గట్టి వెలుతురు ఇచ్చే లైట్లు రావడం ఇంకో కారణం.

ఆ గట్టి వెలుతురు మొదట జెనాన్ రూపంలో వచ్చింది. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో మొదలైంది. ఇందులో ఫిలమెంటు ఉండదు, గ్యాసులో రెండు మొనల మధ్య మెరుపు వెలుగుతుంది. 35 వాట్లకే 3,200 ల్యూమెన్లు (ల్యూమెన్ అంటే వెలుతురు కొలత). 55 వాట్ల హెచ్7 హాలోజన్ ఇచ్చేది 1,500. తెగడానికి ఫిలమెంటే లేదు కాబట్టి ఇక లోపమే ఉండదనుకున్నారు. కానీ ఆ మెరుపు పుట్టాలంటే 20 వేల వోల్టులకు పైగా కావాలి, పుట్టాక దాన్ని 85 వోల్టుల దగ్గర నిలకడగా నడపాలి. ట్యూబ్‌లైటుకు చోక్ ఎలాగో దీనికి బ్యాలస్ట్ అలాగ. ఇప్పుడు లోపం ఫిలమెంటు నుంచి ఆ డబ్బాలోకి దూరింది. తేమ మళ్లీ కథలోకి వచ్చింది కూడా ఇక్కడే. చాలా లైట్లలో బ్యాలస్ట్ ఉండేది అడుగున. సీలు పాడై లోపలికి చేరిన నీళ్లు చివరికి చేరేదీ అక్కడికే.

బల్బు ముసలిదయ్యే కొద్దీ వెలుగు గులాబీ, ఊదా రంగులోకి తిరుగుతుంది. నడవడానికి కావలసిన వోల్టేజి పెరుగుతుంది, ఒక దశలో బ్యాలస్ట్ చేతులెత్తేసి ఆపేస్తుంది. స్విచ్చు ఆపి వేస్తే మళ్లీ కాసేపు వెలుగుతుంది. దీన్ని చూసి బ్యాలస్ట్ చెడిందని మార్చేవాళ్లు ఎక్కువ. ముందు ఎడమ పక్క బల్బును కుడికి, కుడి పక్కది ఎడమకు మార్చి చూడాలి. లోపం బల్బుతో పాటు పక్క మారితే బల్బుది, ఉన్నచోటే ఉంటే బ్యాలస్టుదో వైరింగుదో. ఒక్క హెచ్చరిక: స్విచ్చు ఆపి, బ్యాటరీ తీగ విప్పి, కాసేపు ఆగాకే చెయ్యి పెట్టాలి. ఆ వోల్టేజి దగ్గర ధైర్యసాహసాలకు తావు లేదు.

జెనాన్‌తో పాటు ఇంకో తోక కూడా వచ్చింది. వెలుతురు 2,000 ల్యూమెన్లు దాటితే లైటు దానంతట అదే ఎత్తు సర్దుకోవాలని, దాని అద్దం కడిగే ఏర్పాటు ఉండాలని యూరప్ నిబంధనలు పెట్టాయి. బండి ఎంత వంగిందో లైటుకు చెప్పడానికి, చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఆర్మ్‌కు ఒక సెన్సరు బిగించారు. స్పోర్ట్స్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి బురద, నీళ్లు, రాళ్ల దెబ్బలన్నీ దానికే. ఆ సెన్సరు పుల్ల విరిగితే లైట్లు నేల చూపులు చూస్తాయి, యజమాని హెడ్‌లైట్ చెడిందనుకుంటాడు. తర్వాత 25 వాట్లకే దాదాపు 2,000 ల్యూమెన్లు ఇచ్చే డి5ఎస్, డి8ఎస్ బల్బులు వచ్చాయి. ఆ అంకె దగ్గరే ఆగడం యాదృచ్ఛికం కాదు.

2007లో లెక్సస్ ఎల్ఎస్ 600హెచ్ డిమ్ లైటుకు ఎల్ఈడీలు వాడింది. మరుసటి ఏడాది హెడ్‌లైట్ మొత్తం ఎల్ఈడీలతో ఆడి ఆర్8 వచ్చింది. ఎల్ఈడీకి బండి ఉన్నంత కాలం ఆయుష్షు అన్నారు, చిప్పు వరకు ఆ మాటలో అబద్ధం పెద్దగా లేదు. చిప్పుకు కరెంటు కొలిచి ఇచ్చే డ్రైవరు బోర్డుకే అంత ఆయుష్షు లేదు. ఆ బోర్డులో కరెంటును నిలకడపరిచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు ఉన్నచోట వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ దాని ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. ఇంజిన్ పక్కన రోజూ వేడెక్కి చల్లారే బోర్డులో టంకం అతుకులు కంటికి కనిపించనంత సన్నగా చీలతాయి. అందుకే కొన్ని లైట్లు చల్లగా ఉన్నప్పుడు వెలిగి, పది నిమిషాలు నడిచాక ఆరిపోతాయి. ఎల్ఈడీలు వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే వరసంతా చీకటి.

తేమ సంగతి ఇక్కడా తప్పలేదు. హాలోజన్ తన వేడితో ముందు అద్దాన్ని ఆరబెట్టుకునేది. ఎల్ఈడీ వేడి వెనక్కి పోతుంది, అద్దం చల్లగానే ఉంటుంది. గాలి ఆడేందుకు పెట్టిన రంధ్రాలు మూసుకుపోతే లోపలి ఆవిరికి దారి ఉండదు. 1940లో గాజుతో మూసి తరిమేసిన శత్రువు ప్లాస్టిక్ డబ్బాలోకి తీరిగ్గా తిరిగి వచ్చింది.

పరీక్షించే పద్ధతీ మారింది. ఇప్పుడు లైటుకు కరెంటు పంపేది స్విచ్చు కాదు, కంప్యూటరు. అది సెకనుకు వందల సార్లు ఆన్, ఆఫ్ చేసి వెలుతురు తగ్గిస్తుంది. మామూలు మల్టీమీటరు అక్కడ సగటు అంకె చూపిస్తుంది, 12 రావలసిన చోట 7 కనిపించి మనిషిని కంగారు పెడుతుంది. బల్బు ఉందో లేదో చూడటానికి ఆ కంప్యూటరు చిన్న చిన్న కరెంటు పోట్లు కూడా పంపుతుంది. హాలోజన్ తీసి చవక ఎల్ఈడీ బల్బు పెడితే మినుకుమినుకుమనేది చాలాసార్లు అందుకే. బండి కంప్యూటరును చదివే స్కానర్ పెడితే లోపం కోడు వస్తుంది, కానీ కోడు చెప్పేది ఏ వైపు, ఏ సర్క్యూట్ అన్నంతవరకే. చూసే వరస మాత్రం ముసలి మెకానిక్‌లదే: ముందు ఫ్యూజు, ఎర్త్, కనెక్టరు పిన్నులపై పచ్చ తుప్పు, ఆ తర్వాతే బోర్డు. డ్రైవరు మాడ్యూల్ బయట బిగించిన లైట్లలో దాన్నొక్కటే మార్చుకోవచ్చు. లోపల ఉంటే డబ్బా చుట్టూ ఉన్న బ్యూటైల్ జిగురును వేడిచేసి మెత్తబరిచి అద్దం విడదీయాలి, మళ్లీ గాలి చొరకుండా అతకాలి. బోర్డు రిపేరు కంటే ఈ అతకడమే కష్టం. సరిగ్గా కుదరకపోతే తొలి వానకే పని మొదటికొస్తుంది. శాశ్వతమైన గట్టి జిగురుతో మూసిన లైట్లయితే తెరవబోతే అద్దమే పగులుతుంది.

కొత్త లైటు తెచ్చి పెట్టినా పని అయిపోదు. చాలా బండ్లలో దాని మాడ్యూల్‌ను ఆ బండి కంప్యూటరు గుర్తించేలా కోడింగ్ చేయాలి, ఎత్తు సర్దే మోటార్లను స్కానరుతో సున్నా స్థానానికి తేవాలి. ఆ తర్వాత గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి వెలుతురు గీత చూస్తారు. అక్కడ ఒక శాతం దించడమంటే 10 సెంటీమీటర్లు. ఆ గీతను సర్దేది మాత్రం వెనక ఉన్న రెండు మరలే, ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకు. 7 అంగుళాల సీల్డ్ బీమ్‌కు ఉన్నవీ అవే రెండు. కాకపోతే ఇప్పుడు కంప్యూటరు సున్నా దగ్గరికి రాకముందే స్క్రూడ్రైవరు పెడితే, సర్దిందంతా మళ్లీ సర్దుకోవలసిందే.