అమ్ముకున్న మాగ్నెట్ల ఫ్యాక్టరీ: అమెరికా, చైనా గొడవలో పెద్దగా ఎవరూ చెప్పని అధ్యాయం

బలమైన మాగ్నెట్లలో వాడే నియోడిమియం లాంటి లోహాలనే రేర్ ఎర్త్స్ అంటారు. వాటి గొడవ మళ్లీ రాజుకుంది, ప్రస్తుతానికి చల్లారింది కూడా. 2025 అక్టోబర్ 9న చైనా వాణిజ్య శాఖ పెట్టిన కొత్త రూల్ చూసి వాషింగ్టన్‌లో నిజంగానే కంగారు పుట్టింది. జాబితాలో ఉన్న ఒక వస్తువు విలువలో చైనా రేర్ ఎర్త్స్ వాటా 0.1 శాతం ఉన్నా చాలు, అది ఏ దేశంలో తయారైనా సరే, ఇంకో దేశానికి అమ్మాలంటే బీజింగ్ లైసెన్స్ కావాలన్నారు. నవంబర్ 1 నుంచి అదనంగా 100 శాతం టారిఫ్ వేస్తానని ట్రంప్ మర్నాడే బెదిరించారు. మూడు వారాలు తిరిగేసరికి, అక్టోబర్ 30న, దక్షిణ కొరియాలోని బుసాన్‌లో షీ జిన్‌పింగ్‌తో కూర్చుని ఇదంతా ఒక ఏడాది పక్కన పెడదామని ఒప్పుకున్నారు. అంత బెదిరించి ఎందుకు తగ్గారన్నదే ఇప్పుడు అందరి ప్రశ్న.

దీనికి జవాబు వెతికేవాళ్లు మామూలుగా చైనా నేత డెంగ్ షియావోపింగ్ సంస్కరణల దగ్గర మొదలుపెట్టి, 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీఓలో చేరడం, 2008 ఆర్థిక సంక్షోభం, 2018 టారిఫ్‌ల మీదుగా ఇక్కడికి వస్తారు. అవన్నీ చాలాసార్లు చదివినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. నా లెక్కలో అసలు మలుపు 1995లో ఉంది, ఇండియానా రాష్ట్రంలోని ఆండర్సన్ అనే ఊళ్లో. అక్కడ కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌కి (జీఎం) మాగ్నెక్వెంచ్ అనే మాగ్నెట్ల కంపెనీ ఉండేది.

ఆ కంపెనీ పుట్టుక కూడా ఖనిజాల కొరత నుంచే. అప్పట్లో బలమైన మాగ్నెట్ అంటే సమేరియం, కోబాల్ట్ కలిపి చేసేదే. 1978లో జైర్‌లో, అంటే ఇప్పటి కాంగోలో, కోబాల్ట్ గనులున్న షాబా ప్రాంతంలో యుద్ధం రావడంతో కోబాల్ట్ ధర అమాంతం పెరిగింది. కోబాల్ట్ లేకుండా మాగ్నెట్ చేయడం ఎలా అని జీఎం ల్యాబ్‌లో జాన్ క్రోట్, జపాన్‌లో మసాటో సగావా, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పని చేసి, ఇద్దరూ నియోడిమియం, ఇనుము, బోరాన్ కలయిక దగ్గరికే చేరారు. 1983లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఒకే సదస్సులో రెండు వర్గాలూ దీన్ని బయటపెట్టాయి. జీఎం 1986లో ఆండర్సన్‌లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కారు స్టార్టర్ మోటార్‌ను తేలిక చేద్దామని మొదలైన పని తర్వాత హార్డ్ డిస్క్‌లకు, క్షిపణులకు, గాలిమరలకు, ఎలక్ట్రిక్ కార్లకు అవసరమైంది.

1995లో జీఎం ఈ కంపెనీని అమ్మేసింది. కొన్న బృందానికి ముందు నిలబడింది ఒక అమెరికన్ పెట్టుబడి సంస్థ, వెనక ఉన్నవి రెండు చైనా కంపెనీలు: శాన్ హువాన్, చైనా నేషనల్ నాన్‌ఫెర్రస్ మెటల్స్. ఈ రెండు కంపెనీల పెద్దలకు డెంగ్ కుటుంబంతో బంధుత్వం ఉందని అమెరికా పత్రికలు తీరిగ్గా తర్వాత రాశాయి. విదేశీ కొనుగోళ్ల వల్ల దేశ భద్రతకు ముప్పు ఉందా లేదా అని చూసే ప్రభుత్వ కమిటీ ఒకటుంది, సిఫియస్ అంటారు. అది చూసింది, ఓకే అంది. సోవియట్ యూనియన్ కూలిపోయి నాలుగేళ్లు కూడా కాలేదు, ఇక మనకు పోటీ ఎవరన్న ధీమాలో ఉన్నారు. పైగా అదే సమయంలో జీఎం షాంఘైలో కార్ల ఫ్యాక్టరీ కోసం చైనా ప్రభుత్వంతో బేరాలాడుతోంది. 1997లో ఆ ఒప్పందం కుదిరింది కూడా. రెండింటికీ లింకు ఉందా లేదా అన్నది మీరే ఊహించుకోండి.

తర్వాత జరిగింది ఊహించగలిగినదే. ఆండర్సన్ ప్లాంట్ 2000ల మొదట్లో మూతపడింది, తయారీ చైనాకు వెళ్లింది. ఆ మధ్యలోనే మాగ్నెక్వెంచ్ అదే రాష్ట్రంలోని వాల్పరైజోలో ఇంకో మాగ్నెట్ ప్లాంట్ కొన్నది. గురి తప్పకుండా పడే బాంబులకు అమెరికా సైన్యం వాడే మాగ్నెట్లు అక్కడ తయారయ్యేవి. అదీ మూసేశారు, రెండు వందల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. 2008 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో హిల్లరీ క్లింటన్ ఇండియానాకు వచ్చి ఈ కథ చెప్పి కోప్పడ్డారు. అమ్మకానికి అనుమతి ఇచ్చింది మీ ఆయన ప్రభుత్వమే కదా అని ప్రత్యర్థులు వెంటనే గుర్తు చేశారు.

మాగ్నెక్వెంచ్‌కి మరీ ఇంత ప్రాధాన్యం ఇవ్వకూడదని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఇవాళ ఎలక్ట్రిక్ కార్ల మోటార్లలో ఎక్కువగా వాడేది సగావా పద్ధతిలో పొడిని ఒత్తి కాల్చి చేసిన మాగ్నెట్లను, ఆ పేటెంట్లు జపాన్‌వి. కానీ ఇక్కడ పేటెంట్ల కంటే పెద్ద నష్టం జరిగింది. ఫ్యాక్టరీ వెళ్లిపోతే మెషీన్ మీద చెయ్యి తిరిగిన మనుషులు చెదిరిపోతారు, వాళ్లకు సరుకు అందించే చిన్న కంపెనీలు మూతపడతాయి, ఈ చదువు చదవడానికి పిల్లలు కాలేజీల్లో చేరరు. మళ్లీ మొదలుపెట్టాలంటే డబ్బు ఒక్కటే చాలదు, ఏళ్లు పడుతుంది.

అవతలి వైపు ఏం జరుగుతోందో చూడాలంటే ఇంకా వెనక్కి, 1972కి వెళ్లాలి. ఈ రేర్ ఎర్త్ లోహాలు భూమిలో దొరకడం కష్టం కాదు, ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీయడం కష్టం. రసాయనికంగా కవల పిల్లల్లా ఉంటాయి, ముఖ్యంగా ప్రాసియోడిమియం, నియోడిమియం. ఆ రెండింటినీ వేరు చేసే పని ఆ ఏడాది పెకింగ్ యూనివర్సిటీలో షూ గువాంగ్‌షియన్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్‌కు అప్పగించారు. ఆయన పీహెచ్‌డీ చేసింది న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలో. 1951లో భార్యతో కలిసి స్వదేశానికి వెళ్లిపోయారు. సాంస్కృతిక విప్లవంలో నానా బాధలూ పడ్డాక ఈ పనిలో దిగి, ద్రావకాలతో దశలు దశలుగా లోహాలను విడదీసుకుంటూ పోయే పద్ధతికి లెక్కలు కట్టి, ఆ లెక్క ప్రకారం ఎవరైనా నేరుగా ఫ్యాక్టరీ పెట్టుకునేలా చేశారు. చైనా అంతటా చిన్నా పెద్దా శుద్ధి ప్లాంట్లు పుట్టుకొచ్చాయి, ధరలు పడిపోయాయి. మధ్యప్రాచ్యానికి చమురు ఉంది, చైనాకు రేర్ ఎర్త్స్ ఉన్నాయని 1992లో డెంగ్ అన్నారని చెబుతారు. అప్పటికే ఇరవై ఏళ్ల పని జరిగి ఉంది. ఇంత చవకగా ఎందుకు అమ్మేసుకుంటున్నారని తర్వాతి రోజుల్లో షూ తన ప్రభుత్వాన్నే హెచ్చరించారు.

ఆ చవకకు మూల్యం కట్టింది ‘బావుతో’ అనే ఊరి జనం. ఇన్నర్ మంగోలియాలోని బయాన్ ఓబో గని నుంచి వచ్చిన ఖనిజాన్ని శుద్ధి చేయగా మిగిలిన విష వ్యర్థాలు ఆ ఊరి పక్కన పెద్ద చెరువై నిలిచాయి. చుట్టుపక్కల పొలాలు, బావులు పాడైపోయాయి. ఇదే సమయంలో కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గనిలో వ్యర్థ జలాల పైపు పదే పదే పగిలి రేడియోధార్మిక నీరు ఎడారిలోకి కారింది, అధికారులు పట్టుకున్నారు, జరిమానాలు పడ్డాయి. కలర్ టీవీల కాలం నుంచి ప్రపంచానికి యూరోపియం అనే రేర్ ఎర్త్ అందించిన గని అది. అటు చైనా ధరలు, ఇటు పర్యావరణ ఖర్చు, రెండూ తట్టుకోలేక 2002లో ఆగిపోయింది. మురికి పని అవతలి దేశం చేస్తుంటే చవకగా కొనుక్కోవడం హాయిగానే అనిపించింది, అప్పుడెవరూ దీన్ని ముప్పు అనలేదు.

2010 గురించి ఇప్పుడు చాలామంది రాస్తున్నారు కాబట్టి రెండు మాటల్లో చెప్తాను. జపాన్ ఆధీనంలో ఉన్నా చైనా తమవనే సెంకాకు దీవుల దగ్గర ఒక చైనా చేపల పడవ జపాన్ గస్తీ నౌకలను ఢీకొట్టింది, జపాన్ ఆ కెప్టెన్‌ను అదుపులోకి తీసుకుంది, జపాన్‌కు రేర్ ఎర్త్స్ రావడం ఆగిపోయింది. జపాన్ పాఠం నేర్చుకుని ఆస్ట్రేలియా కంపెనీ లైనస్‌కు డబ్బు పెట్టింది. అమెరికాలో మోలీకార్ప్ అనే కంపెనీ మౌంటెన్ పాస్‌ను మళ్లీ తెరిచింది. ఆ మోలీకార్ప్ 2012లో 130 కోట్ల డాలర్లకు నియో మెటీరియల్ అనే కెనడా కంపెనీని కొన్నది, ఆ కెనడా కంపెనీ చేతిలో ఉన్నది ఎవరనుకున్నారు, మాగ్నెక్వెంచ్! ఫ్యాక్టరీలు మాత్రం ఎక్కువగా చైనాలోనే ఉన్నాయి. ధరలు మళ్లీ పడ్డాయి, 2015లో మోలీకార్ప్ దివాలా తీసింది.

బీజింగ్ కూడా ఒక పాఠం నేర్చుకుంది. రేర్ ఎర్త్స్ ఎగుమతికి చైనా పెట్టిన కోటాల మీద అమెరికా, యూరప్, జపాన్ డబ్ల్యూటీఓలో కేసు వేసి 2014లో గెలిచాయి, చైనా కోటాలు ఎత్తేసింది. అంటే కోటా పనికిరాదు, దేశ భద్రత పేరుతో లైసెన్స్ పెడితే పని జరుగుతుంది. ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందంటే చైనా అధికారులు వాషింగ్టన్ వైపు వేలు చూపిస్తారు. 2018 ఏప్రిల్‌లో చైనా టెలికాం కంపెనీ జడ్‌టీఈకి అమెరికా విడిభాగాలు అమ్మొద్దని ఒక్క ఆర్డర్ ఇస్తే అంత పెద్ద కంపెనీ వారాల్లో చతికిలపడింది, 100 కోట్ల డాలర్ల జరిమానా కట్టి బయటపడింది. 2019 మే 16న మరో చైనా టెలికాం కంపెనీ హువావే అమెరికా నిషేధ జాబితాలోకి వెళ్లింది. నాలుగు రోజులకు షీ జిన్‌పింగ్ చైనాలోని గాంజౌ నగరంలో ఒక రేర్ ఎర్త్ మాగ్నెట్ల ఫ్యాక్టరీకి వెళ్లి ఫొటోలు దిగారు. 2020లో అమెరికా ఇంకో అడుగు వేసి, తమ టెక్నాలజీ వాడి ఏ దేశంలో చేసిన చిప్ అయినా లైసెన్స్ లేకుండా హువావేకి అమ్మకూడదంది. అదే ఏడాది డిసెంబర్ 1 నుంచి చైనా ఎగుమతి నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చింది. 2022 అక్టోబర్ 7న అమెరికా చిప్‌ల మీద అతిపెద్ద ఆంక్షలు పెడితే, మరుసటి ఏడాది చిప్‌లలో వాడే గాలియం, జెర్మేనియంకు చైనా లైసెన్స్ పెట్టింది. 2025 సెప్టెంబర్ 29న, బుసాన్ ఏర్పాట్లు జరుగుతుండగానే, నిషేధ జాబితాలో ఉన్న కంపెనీలకు 50 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్న అనుబంధ సంస్థలకూ నిషేధం వర్తిస్తుందని అమెరికా ప్రకటించింది. పది రోజులకు వచ్చిందే ఆ 0.1 శాతం రూల్. మీరు పెట్టిన రూల్‌నే మేం మీకు పెట్టాం, ఇందులో కొత్త ఏముందన్నది చైనా వాదన. తేదీలు వరసగా పెట్టి చూస్తే కాదనడం కష్టం.

అమెరికా వాదన వేరు. మా ఆంక్షలు సైన్యానికి పనికొచ్చే కొన్ని చిప్‌లకే పరిమితం అంటుంది. చైనా మాత్రం ప్రపంచ పరిశ్రమ మొత్తం మీద బజూకా ఎక్కుపెట్టిందని ఆర్థిక మంత్రి స్కాట్ బెసెంట్ అన్నారు.

ఆ బజూకా దెబ్బ ఎలా ఉంటుందో 2025 ఏప్రిల్‌లోనే రుచి చూశారు. ట్రంప్ టారిఫ్‌లు ప్రకటించిన రెండు రోజులకే, ఏప్రిల్ 4న, డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు లోహాలకు చైనా లైసెన్స్ తప్పనిసరి చేసింది. మోటార్ వేడెక్కినా మాగ్నెట్ బలం తగ్గకుండా కాపాడేవి ఆ రెండే. మే నెలలో ఫోర్డ్ చికాగో ప్లాంట్‌లో ఎక్స్‌ప్లోరర్ తయారీని వారం పాటు ఆపుకోవాల్సి వచ్చింది. ఒక్కో ఎఫ్-35 యుద్ధ విమానంలో రేర్ ఎర్త్ పదార్థాలు 400 కిలోలకు పైగా ఉంటాయి. టారిఫ్ 145 శాతానికి పెంచినవాళ్లు మే నెల జెనీవా చర్చల్లో 30కి దిగారంటే కారణం ఇదే అనుకోవచ్చు. ఇంకో విషయం, రేర్ ఎర్త్స్ వరకు బుసాన్‌లో వాయిదా పడింది అక్టోబర్ రూల్స్ మాత్రమే. ఏప్రిల్‌లో పెట్టిన ఏడు లోహాల లైసెన్స్ విధానం రద్దు కాలేదు.

ఇప్పుడు అమెరికా తొందర చూడండి. మౌంటెన్ పాస్ ప్రస్తుతం ఎంపీ మెటీరియల్స్ చేతిలో ఉంది. 2025 ఏప్రిల్ దాకా అది తవ్విన ఖనిజాన్ని శుద్ధి కోసం చైనాకే పంపేది. 2025 జులైలో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ 40 కోట్ల డాలర్లు పెట్టి అందులో అతిపెద్ద వాటాదారు అయింది, నియోడిమియం, ప్రాసియోడిమియంకు కిలోకి 110 డాలర్ల కనీస ధర పదేళ్ల పాటు ఇస్తామని హామీ ఇచ్చింది. మార్కెట్టే అన్నీ చూసుకుంటుందని ముప్పై ఏళ్లు ప్రపంచానికి చెప్పిన ప్రభుత్వం ఇది. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఎంపీ కట్టిన ఫ్యాక్టరీ నుంచి మాగ్నెట్లు కొంటామని ముందే ఒప్పందం చేసుకున్న కంపెనీ జనరల్ మోటార్స్. పెంటగాన్ డబ్బుతో కట్టబోయే ఇంకా పెద్ద ప్లాంట్ 2028లో మొదలవుతుందట. బుసాన్ వాయిదా గడువు మాత్రం 2026 నవంబర్ 10.