సర్కారు బడి పిల్లలకు సైన్స్, ఇంజినీరింగ్ ఎందుకంటారా? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెబుతాను. చేపల వేటకు వెళ్లేవారి పిల్లలు, జీడి కార్ఖానాల్లో పనిచేసేవారి పిల్లలు, అమ్మానాన్నలు హైదరాబాద్‌కో చెన్నైకో వలసపోతే మామ్మల దగ్గర పెరిగే పిల్లలు మా తరగతుల్లో ఉంటారు. వీళ్ల గురించి తరచూ వినే మాటలివి.

అపోహ: ఈ పిల్లలకు సైన్స్ మీద ఆసక్తి ఉండదు.

ఏటా మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయని మా పిల్లలందరికీ తెలుసు. ఒక అక్టోబరులో ఎనిమిదో తరగతి వాళ్లను "ఏడాదికి రెండుసార్లే ఎందుకు?" అని అడిగి, జవాబు చెప్పకుండా వదిలేశాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి మర్నాటి నుంచే పని మొదలుపెట్టింది. వారానికోసారి తెల్లవారుజామునే డాబా ఎక్కి, సూర్యుడు ఏ కొబ్బరిచెట్టు వెనక నుంచి వస్తున్నాడో చూసి నోట్‌బుక్ చివరి పేజీలో గీసేది. చెట్ల వరస, ఒక్కో చెట్టు కింద తేదీ. డిసెంబరు దాకా సూర్యుడు కుడివైపుకు జరిగాడు, సంక్రాంతి దాటాక వెనక్కి మళ్లాడు. మార్చి రెండో వారానికి మళ్లీ అక్టోబరు నాటి చెట్టు దగ్గరే ఉన్నాడు. "మాస్టారూ, అదే చెట్టు!" అని స్టాఫ్ రూమ్‌కి పరిగెత్తుకొచ్చింది. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో. మొదటి దానికి పదిరోజులు ముందు, రెండో దానికి పదిరోజులు తర్వాత సూర్యోదయం దాదాపు ఒకే చోట అవుతుంది. ఇది నేను చెప్పేలోపే సగం క్లాసుకు అర్థమైపోయింది.

అపోహ: పెద్ద సైంటిస్టును పిలిచి మాట్లాడిస్తే చాలు.

ఆ రోజు చప్పట్లు కొడతారు, వారం తిరిగేసరికి మరిచిపోతారు. మా బడిలోనే చదివి పాలిటెక్నిక్‌లో చేరిన అన్నయ్య వచ్చి, హాస్టల్‌లో భోజనం ఎలా ఉంటుందో, మొదటి సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు పోయిందో, మళ్లీ ఎలా పాసయ్యాడో చెబితే మాత్రం పిల్లలు కదలకుండా వింటారు. నేను ఏడాదికి కనీసం మూడుసార్లు ఇలాంటి వాళ్లనే పిలుస్తాను.

అపోహ: ఇంజినీరింగ్ అంటే ఎక్కడో పట్నంలో, కంప్యూటర్ ముందు చేసేది.

పొందూరులో సన్నఖాదీ కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ ఎముకకుండే సన్నటి పళ్లే అక్కడ దువ్వెన. ఏ పనికి ఏ వస్తువు సరిపోతుందో వెతికి పట్టుకోవడం ఇంజినీరింగే కదా. ఆ పని చేసే ఇళ్ల పిల్లలకు ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

అపోహ: "మాకంత స్తోమత ఏటి మాస్టారూ, లచ్చలు పొయ్యాలి కదా!"

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ మాటే, ఎందుకంటే దారులున్నాయి. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి రూ.12,000 వస్తుంది. కుటుంబ ఆదాయం రూ.3.5 లక్షలు దాటకూడదు. పదో తరగతి మార్కులతోనే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల కోర్సుకు దరఖాస్తు చేయొచ్చు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఆ తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

తెలివి లేక కన్నా కాగితం లేక ఆగిపోయిన పిల్లలనే నేను ఎక్కువ మందిని చూశాను. ఆదాయ ధ్రువపత్రం గడువులోపు చేతికి రాదు. లేదా ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో మరోలా ఉంటుంది. అందుకే ఏడో తరగతి చివర్లోనే అందరి కాగితాలూ ఒకసారి సరిచూస్తున్నాను.

కొబ్బరిచెట్లు గీసిన అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. తను వేరే బడి నుంచి ఎనిమిదిలో వచ్చి చేరింది కాబట్టి నా చూపు తప్పింది, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంది. మొన్న సోమవారం వాళ్ల మామ్మను వెంటబెట్టుకుని ముగ్గురం గ్రామ సచివాలయానికి వెళ్లి, పేరు సరిచేయమని దరఖాస్తు ఇచ్చి వచ్చాం.