విక్టోరియా కాలపు వింత పడవలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పడవల రూపకల్పన నా వృత్తి. పాత నౌక నమూనా గీత ఏదైనా చేతికి వస్తే, దాన్ని గీసినవాడిని ఏ ఇబ్బంది వేధించి ఉంటుందని ముందుగా వెతకడం నాకు అలవాటైపోయింది. విక్టోరియా రాణి కాలంలో తయారైన విహార నౌకలను, అంటే యాట్లను చూసి చాలామంది నవ్వుకుంటారు. నవ్వితే నవ్వవచ్చు గానీ, వాటి గురించి చెప్పుకునే మాటల్లో చాలావరకు లెక్కకు నిలబడవు.

అపోహ: ఆ ఆకారాలన్నీ డబ్బున్న దొరల పిచ్చి సరదాలు.

వాస్తవం: వాటిలో చాలా ఆకారాలు పడవ పందేల నిబంధనల్లోంచి పుట్టాయి. రాయల్ థేమ్స్ యాట్ క్లబ్ 1850లలో తెచ్చిన టన్నేజీ సూత్రం (పందెంలో పడవ ఏ తరగతికి చెందుతుందో తేల్చే లెక్క) ప్రకారం, పడవ పొడవులోంచి వెడల్పును తీసివేసి, వచ్చినదాన్ని వెడల్పుతోను, మళ్లీ వెడల్పులో సగంతోను గుణించి, 94తో భాగించాలి. లోతును ఎవరూ కొలవరు. వెడల్పులో సగమే లోతు అని అనుకుంటారు. తెరచాప ఎంత పెద్దదైనా లెక్కలోకి రాదు. ఒకసారి కాగితం మీద వేసి చూడండి: 34 అడుగుల పడవ 8.5 అడుగుల వెడల్పు ఉంటే లెక్క సుమారు 9.8 టన్నులు వస్తుంది, అదే పడవను 5.5 అడుగులకు కుదిస్తే 4.6 టన్నులకు పడిపోతుంది. పొడవు అంగుళం కూడా తగ్గకుండానే పడవ సగానికి సగం చిన్న తరగతిలోకి జారుకుంటుందన్నమాట. ఇది తెలిశాక ఏ రూపకర్త మాత్రం వెడల్పు పెంచుతాడు?

అలా వెడల్పు తగ్గుతూ తగ్గుతూ, అంచు మీద నిలబెట్టిన పలకలాంటి పడవలు వచ్చాయి. సన్నగా ఉన్న పడవ గాలికి ఒరిగిపోతుంది కాబట్టి, దాన్ని నిలబెట్టడానికి అడుగున సీసం వేశారు. సీసం దిగువకు పోయేకొద్దీ కీల్ (పడవ అడుగున వెన్నెముకలా ఉండే భాగం) లోతు పెరిగింది, నిలకడ పెరిగిందని తెరచాప కూడా పెరిగింది. 1880ల తొలి ఏళ్లలో సూత్రం మారినా వెడల్పు మీద భారం మాత్రం తగ్గలేదు. 1886లో తయారైన ఊనా అనే యాట్ నీటిమట్టం దగ్గర పొడవు దాదాపు 34 అడుగులు, వెడల్పు అయిదున్నర అడుగులు. దాని మొత్తం బరువులో మూడింట రెండు వంతులకు పైగా సీసమే. ఆ ఏడాదే అది ఐర్లండ్ తీరంలో మలహైడ్ దగ్గర ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలిపోయింది, రూపకర్త పేటన్‌తో సహా అందులో ఉన్నవారంతా మరణించారు. యాట్ల గురించి పుస్తకాలు రాసిన డిక్సన్ కెంప్ సూచించిన కొత్త సూత్రం కూడా అప్పుడే ఆమోదం పొందింది. అది పొడవును, తెరచాప వైశాల్యాన్ని మాత్రమే లెక్కించడంతో కొద్ది ఏళ్లలోనే పడవలకు మళ్లీ వెడల్పాటి నడుము వచ్చింది.

అపోహ: పెద్ద మార్పులన్నీ పేరున్న నౌకాశిల్పులే తెచ్చారు.

వాస్తవం: ఎసెక్స్‌లో వ్యవసాయ పనిముట్లు తయారుచేసే ఇ.హెచ్. బెంటాల్ 1875లో నీటిలోకి దింపిన జులనార్ అనే యాట్ దీనికి చక్కని జవాబు. నీటికి తగిలే ఉపరితలం తగ్గితే రాపిడి తగ్గుతుందన్న ఆలోచనతో ఆయన అణియం (పడవ ముందు కొస) కింది భాగాన్ని, అమరం (వెనక కొస) కింది భాగాన్ని కోసేసినట్టుగా మలిచారు. ఆ పడవ పందేల్లో బాగా గెలిచింది, తరవాతి రూపకర్తలు దాని గీతలను శ్రద్ధగా చదువుకున్నారు. అయితే అదే బెంటాల్ 1880లో మితిమీరిన సన్నదనంతో కట్టిన ఎవల్యూషన్ అనే పడవ నిలబడలేకపోయింది. నాకు మాత్రం ఆయన మీద గౌరవం ఈ రెండో పడవ వల్లే పెరిగింది.

అపోహ: రష్యా చక్రవర్తి కోసం కట్టిన వెడల్పాటి యాట్ లివాడియా కదలలేని తమాషా వస్తువు.

వాస్తవం: అడ్మిరల్ పొపోవ్ ఆలోచనను అనుసరించి, గ్లాస్గో పక్కన గోవన్‌లో 1880లో కట్టిన ఈ నౌక పొడవు 79 మీటర్లు, వెడల్పు 46 మీటర్లకు పైన. పైనుంచి చూస్తే చందువా చేపలా కనిపించేది. చక్రవర్తి కుటుంబానికి ఊగని నౌక కావాలి, అంతే. మూడు ప్రొపెల్లర్లతో అది పరీక్షల్లో 15 నాట్లు (గంటకు దాదాపు 28 కిలోమీటర్లు) దాటింది, అంటే ఒప్పందంలో అడిగిన వేగం కన్నా ఎక్కువే. నల్ల సముద్రానికి బయలుదేరాక బిస్కే అఖాతంలో తుపాను పట్టుకున్నప్పుడు కూడా పక్కలకు ఊగింది చాలా తక్కువ. చిక్కు మరోచోట వచ్చింది. దాని మునక లోతు దాదాపు రెండు మీటర్లే, అడుగు బల్లపరుపు. అణియం అలమీదికి లేచి పడినప్పుడల్లా నీళ్లు సుత్తి దెబ్బల్లా తగిలి అడుగు రేకులు చిరిగిపోయాయి. స్పెయిన్‌లోని ఫెర్రోల్ రేవులో మరమ్మతు చేయవలసి వచ్చింది. 1881 మార్చిలో ఆ చక్రవర్తి, రెండో అలెగ్జాండర్, హత్యకు గురవడంతో ఆ యాట్‌ను ముచ్చటపడి ఎక్కేవారే లేకపోయారు.

అపోహ: గాలి నింపే పడవ ఈ కాలపు ఆటవస్తువు.

వాస్తవం: నౌకాదళ అధికారి పీటర్ హాల్కెట్ 1840లలోనే రబ్బరు పూసిన గుడ్డతో ఒక పైకోటు కుట్టించారు, దానికి గాలి కొడితే ఒక మనిషి కూర్చునే పడవ అయ్యేది, గొడుగు తెరిస్తే తెరచాప అయ్యేది. ఆర్కిటిక్ అన్వేషకుడు జాన్ రే హాల్కెట్ పడవను తన యాత్రలో నిజంగానే వాడుకున్నారు.

అపోహ: రెండు పడవలను పక్కపక్కన కలిపినట్టుండే కాటమరాన్ యాట్ మన తీరం నుంచి వెళ్లిన నమూనా.

వాస్తవం: వెళ్లింది పేరు మాత్రమే. ఆ మాటకు మూలం తమిళంలోని కట్టుమరం. అది నాలుగైదు దుంగలను తాళ్లతో బిగించిన తెప్ప; దానికి రెండు హల్స్ (పడవ ప్రధాన దేహాలు) ఉండవు. మన కోస్తాలోనూ జాలర్లకు అది బాగా తెలుసు. న్యూయార్క్‌లో 1876 పందెంలో మిగతా యాట్లను ఓడించి, ఆ తరవాత అనర్హతకు గురైన అమరిలిస్ అనే కాటమరాన్ ఆకారం వేరు. దాన్ని తయారుచేసిన నథానియల్ హెర్రెషాఫ్ రెండు సన్నని హల్స్‌ను తిరిగే కీళ్లతో కలిపారు, అందువల్ల ఒకటి అలమీదికి ఎక్కుతున్నప్పుడు రెండోది దిగగలదు. మన తెప్పకు అటువంటి కీళ్లు ఉండవు. ఒడ్డుకు చేరాక తాళ్లు విప్పి, దుంగలను విడదీసి ఇసుక మీద ఆరబెట్టేవారు, మళ్లీ వేటకు వెళ్లేముందు కట్టుకునేవారు.